ఒట్టి తీగ మీద గుర్తు

సాయిబు గారు పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. పర్మిషన్ పెట్టి గవర్నర్‌పేట చేరేలోపలే ఆయన్ని తీసుకెళ్ళిపోయారు. కొట్టు తలుపు ఒక రెక్క మూసి ఉంది. లోపల ఎప్పటిలాగే గోడవారగా వీణలు, పైన మేకుకి తల విరిగిన వయొలిన్, కరిగిన మైనం వాసన. వాళ్ళమ్మాయి నన్ను ఆయన కూర్చునే పీట పక్కనే కూర్చోబెట్టింది. చివరి వారంలో కూడా నాన్న ఆ వీణ మాస్టారినే తిట్టుకున్నాడని చెప్పింది. మాస్టారు పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆ మాటకి నాకు ఏడుపు రావాల్సింది. కొంచెం సంతోషం వేసింది. ఉన్నమాట రాస్తున్నాను.

ఆయన పేరు రాయడం లేదు. వాళ్ళమ్మాయే వద్దంది. ఇప్పుడు ఆ పీట మీద అల్లుడు కూర్చుంటున్నాడు. వీణ బాగుచేయించుకోడానికి వచ్చేవాళ్ళలో సగంమంది మాస్టారి శిష్యులే.

తొంభైల మొదట్లో నాకు విజయవాడలో టెలిఫోన్స్‌లో ఉద్యోగం. మాది పామర్రు. ఇరవై ఏడేళ్ళ వయసులో వీణ నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. విజయవాడలో వీణ అంటే అందరూ సత్యనారాయణపురంలో ఉండే ఒక మాస్టారి పేరే చెప్పారు. వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టి, ఈ వయసులో వచ్చినవాళ్ళకి మొదటినుంచీ చెప్పే ఓపిక తనకి లేదన్నారు. తను రాసిన పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు. ఇందులో మొదటి పదిహేను పాఠాలు సాధన చేసుకుని రమ్మన్నారు.

ఎనిమిది నెలలు చేశాను. డ్యూటీ నుంచి రాగానే చీరైనా మార్చుకోకుండా వీణ ముందు కూర్చునేదాన్ని. పుస్తకంలో ఏ అక్షరం ఉంటే ఆ అక్షరం వాయించాను. కుడిచేతి చూపుడువేలితో మీటమని ఉంటే ఆ ఒక్క వేలితోనే మీటాను. వేలు వాచేది. వేగం వచ్చేది కాదు. నా చేతకానితనం అనుకున్నాను.

మళ్ళీ వెళ్ళిన రోజు మాస్టారింట్లో పది పన్నెండుమంది చాప మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళముందే వాయించమన్నారు. నాలుగో వరస దగ్గర చెయ్యెత్తి ఆపారు. శిష్యులకేసి తిరిగి, "చూశారా, ఈవిడ వీణ మీద హార్మోనియం వాయిస్తోంది," అన్నారు. అందరూ నవ్వారు. మీ పుస్తకం చూసే నేర్చుకున్నానండీ అన్నాను. ఆయన నా చేతుల వంక చూసి, "ఈ చేతులు టెలిఫోన్లకి సరిపోతాయిలే అమ్మాయ్," అన్నారు. ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. ఆ నవ్వుల్లో ఎవరి గొంతు ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలుసు.

మర్నాడు వీణని రిక్షాలో పెట్టుకుని గవర్నర్‌పేటలో సాయిబు గారి కొట్టుకి తీసుకెళ్ళాను, ఎవరికైనా ఇచ్చెయ్యమని. అదే ఆయన్ని మొదటిసారి చూడటం. యాభై దాటిన మనిషి. బక్కపలచన. చెవిమీద పెన్సిలు, వేళ్ళ సందుల్లో నల్లమైనం. వీణని చూడలేదు, నా మొహం చూడలేదు. వాచిన నా చూపుడువేలు చూసి, ఏ పుస్తకం చూసి నేర్చుకున్నారమ్మా అని అడిగారు. సంచీలోంచి తీసిచ్చాను. అట్ట మీద పేరైనా చదవకుండా దాన్ని నేలమీద పరిచి, మధ్యకి తెరిచి వదిలేశారు. పుస్తకం దానంతటదే మూసుకుంది.

"రెండు చేతులూ వీణ మీదుంటాయి కదమ్మా. ఈ పేజీ ఎవరు పట్టుకోవాలి?" అన్నారు.

పుస్తకాన్ని ఆయన పరీక్షించే పద్ధతి అదే. తర్వాత పదేళ్ళపాటు ఎన్నిసార్లు చూశానో. వీణకి గాని, వయొలిన్‌కి గాని, గిటారుకి గాని పుస్తకం కావాలని ఎవరొచ్చినా ముందు నేలమీద పరిచేవారు. తెరిచినచోట తెరిచినట్టు నిలబడని పుస్తకాన్ని పక్కన పెట్టేసేవారు. తర్వాత బొమ్మలు చూసేవారు. రాసినాయన ఫోటో ఎంతుంది, ఎడమచేతి వేళ్ళ ఫోటో ఎంతుంది? మొదటిది పెద్దగా ఉండి రెండోది లేకపోతే, "ఇది ఆయన్ని చూసుకోడానికి బాగుంటుంది," అని తిరిగిచ్చేసేవారు. ఆ తర్వాత అయిదో పాఠం తీసి చదివేవారు. మొదటి నాలుగూ ఎవరైనా రాస్తారనీ, చెప్పాలని ఉన్నవాడెవడో దాచుకునేవాడెవడో అయిదోదాంట్లో తెలుస్తుందనీ అనేవారు. ముందుమాటలు, అభినందనలు ఉన్న పేజీలని కొన్నవాళ్ళ అనుమతి అడిగి మరీ చింపేసి, మైనం తుడుచుకోడానికి వాడుకునేవారు. మైనం పనికి కాగితం గట్టిగా ఉండాలనీ, పొగడ్తలన్నీ మంచి కాగితం మీదే వేస్తారనీ చెప్పేవారు.

ఆ రోజు నా పుస్తకం అయిదో పాఠం తీసి, చెవిమీది పెన్సిలందుకున్నారు. వీణ మీద ఒక స్వరాన్ని అడ్డంగా అమర్చిన ఇత్తడి మెట్టు మీద నొక్కి మీటితే ఒకలా పలుకుతుంది. కింది మెట్టు మీద తీగని పక్కకి లాగి అదే స్వరాన్ని తెస్తే ఇంకోలా పలుకుతుంది. పాటకి ప్రాణం ఆ లాగడంలోనే ఉంది. మాస్టారి పుస్తకంలో ఎక్కడ లాగాలో ఒక్కచోటా లేదు. సాయిబు గారు కనుబొమలాంటి చిన్న వంపుగీతలు పెట్టుకుంటూ పోయారు. అక్షరాల కింద మీటే వేళ్ళు రాశారు, ఒకటి, రెండు, ఒకటి, రెండు. వేగం ఒక వేలితో ఎలా వస్తుందమ్మా, ఒక కాలితో పరిగెత్తినట్టు ఉంటుంది అన్నారు. అచ్చుతప్పులా అని అడిగాను.

"తప్పులు కాదమ్మా. మింగేశాడు. పుస్తకం కొన్నవాళ్ళందరూ చివరికి ఆయన గుమ్మంలోకే రావాలని."

వీణ అక్కడ వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకున్నాను. వారానికో సాయంత్రం కొట్టుకి వెళ్ళేదాన్ని. ఆయన నాకు ఎప్పుడూ నేర్పలేదు. పుస్తకం దిద్దేవారు, అంతే. నేను వాయిస్తుంటే మెట్టు అమర్చుకుంటూనే వినేవారు. తప్పు చోట పెన్సిలుతో పీట మీద ఒక్కసారి కొట్టేవారు.

ఇదంతా ఆయనకెలా వచ్చిందో తెలియడానికి రెండేళ్ళు పట్టింది. ఒకరోజు ఆయనే చెప్పారు. ఏటా మాస్టారింట్లో వీణలన్నిటికీ పాత మైనం తీసి మెట్లు కొత్తగా అమర్చే పని ఆయనదే. మెట్టు వెంట్రుకంత జరిగినా స్వరం తప్పుతుంది కాబట్టి చెవి ఉండాల్సిన పని. పదిరోజులు వరండాలో కూర్చుని చేసేవారు. లోపల పాఠాలు జరిగేవి. పాతికేళ్ళు అలా విన్నారు. ఒక ఏడాది అమర్చిన మెట్లు సరిచూస్తూ, లోపల అప్పుడే చెప్పిన నాలుగు వరసలు గమకాలతో సహా వాయించారు. లోపల పాఠం ఆగిపోయింది. మాస్టారు బయటికొచ్చి సాయిబు గారి ఒళ్ళోంచి వీణ తీసేసుకున్నారు. మెట్టు పలుకుతోందో లేదో చూడు చాలు, పాట నీ పని కాదు అన్నారు. శిష్యుణ్ణి పిలిచి ఆ వీణని తడిగుడ్డతో తుడిపించారు.

మైనం మరకలు పోవడానికే తుడిపించారేమో అన్నాను నేను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. సాయిబు గారు తల అడ్డంగా ఊపారు. తను కట్టిన వీణ మీద తను మరక వదలనన్నారు. ఆ తర్వాత కూడా ఆయన ఏటా ఆ ఇంటికి వెళ్ళి మెట్లు కట్టారు. మానేస్తే నేను నొచ్చుకున్నానని ఆయనకి తెలిసిపోతుంది కదమ్మా అన్నారు. పెన్సిలు పట్టింది ఆ ఏడే. తన కొట్లో అమ్ముడైన ప్రతి పుస్తకంలోనూ మాస్టారు మింగినవన్నీ కక్కించి పంపేవారు. కొన్నవాళ్ళు మాస్టారి గుమ్మం ఎక్కాల్సిన పని లేకుండా పోయింది.

నేను పెన్సిలు పుస్తకంతో అయిదేళ్ళు నడిచేసరికి మాస్టారికి షష్టిపూర్తి వచ్చింది. టౌన్లో ఒక హాల్లో సన్మానం. పుస్తకం రెండో కూర్పు తెస్తున్నారు. పుస్తకం చూసే నేర్చుకున్నవాళ్ళు ఒకరు వాయిస్తే బాగుంటుందని నిర్వాహకులు వెతుకుతున్నారని తెలిసి నా పేరిచ్చాను. మాస్టారు నన్ను గుర్తుపడితే ఒప్పుకోరేమోనని భయపడ్డాను. గుర్తుపట్టలేదు. ఆ నవ్వుల కన్నా అదే ఎక్కువ మండింది నాకు.

ముందురోజు సాయిబు గారు ఒక్క పూటకి పుస్తకం ఇచ్చి వెళ్ళమన్నారు. అట్ట ఊడుతోంది, కుట్టిస్తానన్నారు. ఇచ్చాను.

హాల్లో వాయించాను. చప్పట్లు బాగా పడ్డాయి. మాస్టారు మైకు తీసుకుని, నా పుస్తకం ఒక్కటి చాలునని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలన్నారు. సంతకం చేస్తాను, పుస్తకం తెచ్చావా అమ్మాయ్ అని అడిగారు. నేను దానికోసమే వచ్చాను. పుస్తకాన్ని అయిదో పాఠం దగ్గర తెరిచి చేతుల్లో పెట్టాను. ఆయన పెన్ను గాలిలోనే ఆగిపోయింది. ఒక పేజీ తిప్పారు. ఇంకో పేజీ. పుస్తకం నిండా పెన్సిలు గీతలు. ఎవరు రాశారో అడగాలి, అడిగితే పుస్తకం చాలదని ఒప్పుకోవాలి. మూడొందలమంది చూస్తున్నారు. సంతకం చేశారు. తర్వాత నవ్వుతూ, ఈ పాత ప్రతి నా దగ్గర గుర్తుగా ఉండనీ, నీకు కొత్తది ఇప్పిస్తానన్నారు. వెనక వరసలో కూర్చున్న సాయిబు గారు అప్పుడే లేచి వెళ్ళిపోవడం చూశాను.

ఏడాదికి రెండో కూర్పు వచ్చింది. తెరిచి చూశాను. ఆ వంపుగీతలన్నీ అచ్చులో ఉన్నాయి. వేళ్ళ అంకెలు ఉన్నాయి. నలభయ్యేళ్ళ బోధనలో తాను కనిపెట్టిన పద్ధతి అని ముందుమాటలో రాసుకున్నారు. దాన్ని తీసుకుని పరిగెత్తుకెళ్ళి సాయిబు గారి ముందు పడేశాను. నా మూలంగానే ఇది జరిగిందని ఏడ్చాను. ఆయన నేలమీద పరవలేదు, అయిదో పాఠం తియ్యలేదు. తిన్నగా చివరి పాఠం తీశారు. నాలుగో వరస మీద వేలుపెట్టి నవ్వడం మొదలుపెట్టారు. ఆయన అంత నవ్వగా నేను ఇంకెప్పుడూ చూడలేదు.

ఆ చోట ఉన్నది ఒట్టి తీగ మీద పలికే స్వరం. అంటే ఎడమచెయ్యి ఏ మెట్టునీ నొక్కదు, తీగని వట్టిగా మీటడమే. వేలే లేనిచోట లాగేదేముంది? అయినా అక్కడ లాగమని వంపుగీత అచ్చయి ఉంది. నా పుస్తకం కుట్టిస్తానని తీసుకున్న పూట ఆయన పెట్టిన గుర్తది. మాస్టారు ఆ ప్రతి ఉంచేసుకుంటారని ఆయనకి తెలుసు. వాయించి చూడకుండా అచ్చేస్తారనీ తెలుసు.

"మీకు ముందే చెప్పలేదమ్మా. చెబితే స్టేజీ మీద మీ చెయ్యి వణికేది," అన్నారు.

తర్వాతి రెండేళ్ళూ మేమిద్దరం ఎంత సంతోషంగా ఉన్నామో చెప్పలేను. ఎవరైనా కొత్త కూర్పుతో కొట్టుకి వస్తే సాయిబు గారు ఆ ఒక్క గీతనీ బ్లేడుతో గీకేసి ఇచ్చేవారు. మిగతా ఊళ్ళలో కొన్నవాళ్ళ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఒకసారి పామర్రు వెళ్ళినప్పుడు కరుణక్క ఇంటికి వెళ్ళాను. చిన్నప్పటినుంచీ మా పక్కవీధి. ఆస్పత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. క్రిస్మస్‌కి చర్చిలో వీణ వాయించాలని ఆమె కోరిక. నన్ను చూసే వీణ కొనుక్కుంది. పుస్తకం మచిలీపట్నంలో ఎవరో కొనిచ్చారు. ఈసారి వెళ్తే వీణ లేదు. అడిగితే ఎడమచేతి బొటనవేలు చూపించింది. కుట్లు పడిన మచ్చ. పాఠాలన్నీ వచ్చాయి, చివరిదాంట్లో ఒక్కచోట ఒట్టి తీగని లాగమని ఉంది, ఎంత చేసినా రాలేదని చెప్పింది. మెట్లు దాటి, తీగలు బిగించే బిరడల దగ్గర తీగని పట్టుకుని లాగితే గాని కుదరదేమోనని అలా లాగింది. రెండుసార్లు తెగింది. మూడోసారి తీగ వేలిలోకి దిగింది. ఆ చేత్తో నెలరోజులు ఇంజెక్షన్ చెయ్యలేకపోయింది. లోపం తన చేతిలోనే ఉందనుకుని వీణని ఒక కాన్వెంటుకి ఇచ్చేసింది.

ఆమెకి నిజం చెప్పకుండానే బయల్దేరాను. విజయవాడ వచ్చి సాయిబు గారికి చెప్పాను. చేతిలో బ్లేడు కింద పెట్టేశారు. ఆదివారం పొద్దున్నే తను కట్టిన కొత్త వీణ ఒకటి గుడ్డలో చుట్టుకుని బస్టాండుకి వచ్చారు. ఇద్దరం పామర్రు వెళ్ళాం. ఆమె చర్చి నుంచి వచ్చేదాకా అరుగుమీద కూర్చున్నాం. వచ్చాక ఆయన దాచకుండా చెప్పారు. ఆ గీత తనే పెట్టాననీ, ఎందుకు పెట్టారో, ఎవరికోసం పెట్టారో, అన్నీ. ఆమె తెల్లచీర కొంగు వేలికి చుట్టుకుంటూ విన్నది.

"మీరూ మీరూ కొట్టుకోడానికి నా చెయ్యే దొరికిందా అండీ?" అంది.

నాకేసి చూసి, "నీకూ తెలుసా?" అంది. తెలుసన్నాను. ఆమె మాకు టీ ఇచ్చింది. వీణ మాత్రం ముట్టుకోలేదు. సాయిబు గారు దాన్ని తిరిగి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. ఉయ్యూరు దాటాక కిటికీలోంచి చూస్తూనే అన్నారు, "ఆ అమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. అయినా ఆయన్ని మాత్రం వదలనమ్మా."

వదలలేదు. మరుసటి ఏడు ఎండాకాలంలో మాస్టారే కొట్టుకి వచ్చారు. ఆటో దిగి ఒక్కరే నడిచొచ్చారు. నేను అక్కడే ఉన్నాను. అప్పటికి ఆయన చేతులు కొంచెం వణుకుతున్నాయి. గుంటూరులో ఏదో సభలో ఒక కాలేజీ అమ్మాయి లేచి, చివరి పాఠం నాలుగో వరస ఒక్కసారి వాయించి చూపించమని అడిగిందట. ఆ మాట ఆయన చెప్పలేదు, నాకు తర్వాత తెలిసింది. తన పాఠాలు పాతికేళ్ళు వరండాలోంచి విన్నదెవరో ఆయనకి తెలుసు. ఆయన అన్నది ఒక్కటే, ఆ చోట ఎందుకలా రాశావని.

"ఏ చోటండీ?" అన్నారు సాయిబు గారు. మాస్టారు చెప్పారు. "అది మీ పుస్తకం కదండీ, మీకే తెలియాలి," అన్నారు సాయిబు గారు. కొట్లో ఇంకో ఇద్దరు వయొలిన్ కొనేవాళ్ళున్నారు. మాస్టారు వాళ్ళకేసి చూసి, గొంతు తగ్గించి, ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగారు. ఉన్నది ఆ ఒక్కటే. నాకు తెలుసు. సాయిబు గారు పెన్సిలు చెవిమీద పెట్టుకుని, పామర్రులో ఒక నర్సమ్మ ఉందనీ, ముందు ఆమె దగ్గరికెళ్ళి ఈ గీతలు మీరు రాసినవి కావని మీ నోటితో చెప్పి రమ్మనీ, అప్పుడు చెబుతాననీ అన్నారు. మాస్టారి మొహం ఎర్రబడింది. నేను పామర్రు వెళ్ళి ఎవరికో సంజాయిషీ ఇవ్వాలా అన్నారు.

"అయితే ఉండొచ్చండి. మొదటినుంచీ వాయించి చూసుకోండి," అన్నారు సాయిబు గారు.

ఆ ఎండాకాలమంతా నేను పని లేకపోయినా సత్యనారాయణపురం మీదుగా ఆఫీసుకి వెళ్ళాను. కిటికీలోంచి వీణ వినిపించేది. మొదటి పాఠం, రెండో పాఠం. పిల్లలు కాదు, మాస్టారే. వణికే వేళ్ళతో ఒక్కొక్క గీత దగ్గరా ఆగి, వెనక్కొచ్చి, మళ్ళీ వాయించేవారు. పసిపిల్లలు మొదటి వారం వాయించే వరసలు ఆ వయసులో ఆయన తప్పులు వెతుక్కుంటూ వాయించారు. నేను గోడవారన నిలబడి పూర్తయ్యేదాకా వినేదాన్ని. జాలి వేస్తుందేమోనని చూసుకున్నాను. వెయ్యలేదు. మూడో కూర్పు రాలేదు. తేల్చుకోలేక అచ్చుకి ఇవ్వలేదని శిష్యులు చెప్పుకున్నారు. తప్పు ఆ ఒక్కటేనని తెలియకుండానే మాస్టారు పోయారు.

ఇప్పుడు సాయిబు గారు కూడా పోయారు. ఆయన పోయాక వచ్చిన ఆదివారం పామర్రు వెళ్ళి కరుణక్కకి చెప్పాను. మాస్టారు కొట్టుకి వచ్చిన సంగతి, ఆమె దగ్గరికి వెళ్ళి చెప్పి రమ్మన్న సంగతి అప్పటిదాకా ఆమెకి తెలియదు. సంతోషిస్తుందనుకుని చెప్పాను. ఆమె డ్యూటీకి వెళ్ళడానికి జడ వేసుకుంటూ విన్నది.

"అంటే నన్నడక్కుండా నా పేరుతో కూడా మాస్టారిని ఒకటి కొట్టాడన్నమాట," అంది.

ఆయన నీకోసమే అడిగారక్కా అన్నాను. కాదంది. నా దగ్గరికి ఆయన ఒక్కసారి వచ్చాడు, మళ్ళీ రాలేదు, మాస్టారి కోసమైతే బతికినన్నాళ్ళూ కూర్చున్నాడు అంది. ఆయన ఆత్మ కోసం ప్రార్థన చేస్తాననీ, క్షమించడం మాత్రం ఇంకా తనవల్ల కావడం లేదనీ చెప్పింది. తాళం వేసి, గొడుగు తీసుకుని బయల్దేరింది. ఆస్పత్రి మలుపు దాకా ఇద్దరం పక్కపక్కనే నడిచాం. ఆయన్ని క్షమించమని నేను అడగలేదు. మాస్టారిని నేనింకా క్షమించలేదు, ఆమెని తొందరపెట్టడానికి నేనెవర్ని?